మెదడులో నల్లగడ్డ: అరికాళ్ళు ఎందుకు చూస్తారు?

ప్రశ్న: మా తమ్ముడికి 38 ఏళ్ళు. థర్మల్ నుంచి ఇటుక బట్టీలకు బూడిద తోలే లారీ నడుపుతాడు. సంక్రాంతి ముందు నుంచి తలనొప్పి అంటూ వచ్చాడు. తెల్లవారి లేవగానే ఎక్కువగా ఉండేది. రెండుసార్లు వాంతి కూడా అయింది. పైత్యం అనుకుని అల్లం రసం పట్టాం, నొప్పి మాత్రలు వాడాం. ఒకరోజు భోజనం దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఎడమ చెయ్యి కొట్టుకుంటూ పడిపోయాడు. బెజవాడ తీసుకువెళితే స్కాను తీసి మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. మర్నాడు ఎమ్మారై తీసి, రక్తం కాకపోవచ్చు, కంతి ఉన్నట్టుంది, ఆపరేషను చెయ్యాలన్నారు. చేశారు. కంతి తారులాగా నల్లగా ఉందని డాక్టరు గారు చెప్పారు. బయాప్సీలో మెలనోమా అనే కాన్సర్ అని వచ్చింది. అప్పటి నుంచి కళ్ళ డాక్టరు, చర్మం డాక్టరు, ముక్కు డాక్టరు అంటూ తిప్పుతున్నారు. అరికాళ్ళు, గోళ్ళు, చివరికి మలద్వారం కూడా చూశారు. ఇప్పుడు ఒళ్ళంతా స్కాను తీయించమంటున్నారు. జబ్బు తలలో ఉంటే అరికాళ్ళు చూడటం ఏమిటి? డబ్బు గుంజటానికేనా? ఇది బూడిద వల్ల వచ్చిందా? అతని పిల్లలకు వస్తుందా? ఉన్న ఎకరం అమ్మి కొత్త ఇంజెక్షన్లు చేయించమంటారా? తమ్ముడికి కాన్సర్ అని చెప్పలేదు. కంతి తీసేశారు, ఇంక భయం లేదు అన్నాం. వచ్చే నెల నుంచి బండి ఎక్కుతానంటున్నాడు. ఇంకొక మాట. అతనికి చిన్నప్పటి నుంచి కుడి కన్ను చుట్టూ నీలంగా మచ్చ ఉంది. గ్రహణం మచ్చ అనేది మా అమ్మ. ఆపరేషను కుట్లు కూడా అటువైపే పడ్డాయి. దానివల్ల ఏమైనా ఇబ్బందా?

— ఒక సోదరి, ఇబ్రహీంపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని చిట్టచివర రాశారు. ఆ నీలం మచ్చ పుట్టినప్పటి నుంచీ ఉందని మీ డాక్టరు గారికి చెప్పారా? చెప్పి ఉండరనే నా అనుమానం. తలకు ఆపరేషను చేసిన తరువాత ఆ పక్క కన్ను కమిలి నీలంగా వాచటం మామూలే. చూసినవారు కూడా అదేదో కమిలిన మచ్చ అనుకుని ఊరుకునే అవకాశం ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు అడగకపోయినా చెప్పండి. అతని చిన్ననాటి ఫొటో ఉంటే పట్టుకువెళ్ళండి. ఎందుకో కాస్త ముందుకు వెళ్ళాక తెలుస్తుంది.

ముందు అరికాళ్ళ సంగతి. మన చర్మానికి, జుట్టుకు, కంటిలోని నల్లగుడ్డుకు రంగునిచ్చే పదార్థాన్ని మెలనిన్ అంటారు. దానిని తయారుచేసే కణాలకు పట్టే కాన్సరే మెలనోమా. తెల్లవాళ్ళలో ఇది ఎక్కువ. ఎండ తగిలే ఒంటి మీద పుట్టుమచ్చలాగా మొదలవుతుంది. మనవాళ్ళలో చాలా తక్కువ. కాని వచ్చినప్పుడు ఎండ సోకని చోట్లనే ఎక్కువగా వస్తుంది. అరికాలు, గోటి కింద, నోటి లోపల, ముక్కు లోపల, మలద్వారం. చెప్పులు లేకుండా పొలాల్లో తిరిగేవాళ్ళు అరికాలిలో నల్లమచ్చ లేస్తే ముల్లు విరిగిందనో, ఆనెకాయ అనో ఏళ్ళ తరబడి ఊరుకుంటారు. అక్కడి నుంచి ఆ కణాలు రక్తంలో పడి ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు చేరతాయి. మెదడుకు పాకటంలో మెలనోమాకు ఉన్న చొరవ చాలా కాన్సర్లకు లేదు.

అందువల్ల మెదడులో మెలనోమా దొరికితే, అది ఎక్కడో పుట్టి అక్కడికి చేరిందనే ముందు అనుకోవాలి. మెదడులోనే పుట్టే మెలనోమా ఉంది. కాని అది మెలనోమాలన్నిటిలో నూటికి ఒకటి దరిదాపులో ఉంటుందని లెక్క. ఆ ఒక్కటీ ఇదే అనాలంటే మిగతా చోట్లన్నీ వెతికి, లేదని తేల్చుకోవాలి. వేరే దారి లేదు. కంటిలో చుక్కలు వేసి పాప పెద్దదయ్యాక లోపలి పొరలు చూస్తారు. కంటి లోపల మెలనోమా ఉన్నా చూపు బాగానే ఉండవచ్చు. ముక్కులో గొట్టం పెట్టి చూస్తారు. కాలివేళ్ళ సందులు, మాడు, ఆడవారికైతే జననాంగాలు చూస్తారు. ఒళ్ళంతా తీసే పెట్ స్కాను కూడా ఈ వెతుకులాటలో భాగమే. డబ్బు గుంజే పరీక్షలు లేవని నేను అనను, ఈ పేజీలో చాలాసార్లు రాశాను. ఇవి మాత్రం వాటిలోవి కావు. అరికాళ్ళు చూడని డాక్టరు ఉంటే ఆయన మీద అనుమానపడాలి.

మీరు ఇంకొకటి గుర్తు తెచ్చుకోవాలి. ఎప్పుడైనా మీ తమ్ముడి ఒంటి మీద పుట్టుమచ్చ ఒకటి పెరిగితే తీయించారా? సున్నం, చాకలిసోడా కలిపి పెట్టి రాల్చుకున్నారా? ఈ అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. అలా రాలిపోయిన మచ్చే అసలు కాన్సర్ కావచ్చు. ఒక్కోసారి చర్మం మీద మొదలైన మెలనోమా దానంతట అది మాసిపోయి తెల్లమచ్చగా మిగులుతుంది, పాకినది లోపల పెరుగుతూ ఉంటుంది.

మెదడులో నల్లరంగు కణాలు ఎందుకుంటాయని మీకు సందేహం రావచ్చు. తల్లి గర్భంలో పిండం తయారయ్యే తొలి వారాలలో వెన్నుపాము ఏర్పడే చోటు నుంచి కొన్ని కణాలు బయలుదేరి శరీరమంతా వలస వెళతాయి. వాటిలో రంగు తయారుచేసేవి చాలావరకు చర్మానికి చేరతాయి. కొన్ని కంటికి, కొన్ని లోపలి చెవికి, కొన్ని మెదడును కప్పి ఉంచే పలచని పొరలకు పోతాయి. మెదడు అడుగుభాగాన, మెడ దగ్గర వెన్నుపాము చుట్టూ ఇవి ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న మనిషి మెదడు పొరల మీద కూడా కొంచెం నల్లటి జీర ఉండవచ్చు. మెదడులో పుట్టే మెలనోమా ఈ కణాల నుంచే వస్తుంది. 1859లోనే జర్మనీ వైద్యుడు విర్కో దీనిని వర్ణించాడు. 1976లో హేవార్డ్ అనే డాక్టరు, ఏయే గుర్తులుంటే ఇది మెదడులోనే పుట్టిందని అనుకోవచ్చో రాసిపెట్టాడు. బయట ఎక్కడా మెలనోమా ఉండకూడదు, మెదడులో ఒక్కటే కంతి ఉండాలి, మెదడు పొరలు పట్టి ఉండాలి, ఇలాంటివి. అప్పటికి ఎమ్మారై లేదు. ఆయన మాటలు ఈనాటికీ పనికివస్తున్నాయి.

మొదటి స్కానులో రక్తమని చెప్పారని మీరు బాధపడ్డారు. అందులో ఆ డాక్టరు తప్పు పెద్దగా లేదు. మామూలు సీటీ స్కానులో మెలనోమా తెల్లగా, తాజా రక్తంలాగా కనిపిస్తుంది. ఎమ్మారైలో రెండు రకాల బొమ్మలు తీస్తారు. చాలా కంతులు మొదటి రకంలో నల్లగా, రెండో రకంలో తెల్లగా ఉంటాయి. మెలనిన్ ఉన్న కంతి దీనికి తలకిందులుగా ఉంటుంది. చిక్కేమిటంటే కొద్ది రోజుల కిందటి రక్తం కూడా అలాగే ఉండగలదు, మెలనోమా కంతిలో రక్తం కారటమూ మామూలే. రంగు లేని మెలనోమాలు కూడా ఉన్నాయి, వాటికి ఈ గుర్తు ఉండదు. మెదడు పొరకు అంటుకుని ఉంటే మెనింజియోమా అనే మామూలు కంతిలాగా కూడా కనిపిస్తుంది. కనుక ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూసేదాకా ఎవరూ ఖాయంగా చెప్పలేరు. నల్లగా ఉన్నదల్లా కాన్సర్ కూడా కాదు. మెలనోసైటోమా అని నిదానంగా పెరిగే నల్లకంతి ఒకటుంది. పూర్తిగా తీసేస్తే చాలావరకు శాంతిస్తుంది. అందుకే బయాప్సీ అద్దాలను ఇంకొక అనుభవమున్న పెథాలజిస్టుకు చూపించటం మంచిది.

బయాప్సీలో హెచ్.ఎం.బి-45, ఎస్-100, మెలాన్-ఎ అనే రంగు పరీక్షలు చేస్తారు. మీ రిపోర్టులో ఈ పేర్లు ఉండి ఉంటాయి, చూడండి. ఇవి మెలనోమా అవునా కాదా చెబుతాయి. ఎక్కడ పుట్టిందో చెప్పవు. మీ ఊరి ఫెర్రీ దగ్గర పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్ళు కృష్ణలో కలుస్తాయి కదా. కలిసిన తరువాత దోసిట్లోకి తీసుకుంటే అది ఏ నది నీరో కంటితో చెప్పగలమా? మైక్రోస్కోపు పరిస్థితీ అంతే. కాని ఇప్పుడు కణంలోని జన్యువులను చదివే పరీక్షలు వచ్చాయి. చర్మం మీద పుట్టిన మెలనోమాలో బి-రాఫ్, ఎన్-రాస్ అనే జన్యువులు చెడి ఉండటం మామూలు. పెద్దవాళ్ళకు మెదడు పొరల్లో పుట్టిన దానిలో ఎక్కువగా జి.ఎన్.ఎ.క్యు., జి.ఎన్.ఎ.11 అనేవి చెడి ఉంటాయి. కంటి లోపల పుట్టే మెలనోమాలో చెడేవి కూడా ఇవే.

ఇప్పుడు నీలం మచ్చ దగ్గరకు వద్దాం. కన్ను చుట్టూ, చెంప మీద, నుదుటి మీద ఒక పక్కనే వచ్చే ఈ నీలి మచ్చను ఓటా మచ్చ అంటారు. 1939లో ఓటా అనే జపాన్ డాక్టరు వర్ణించాడు. ఒక్కోసారి కంటి తెల్లగుడ్డు మీద కూడా నీలి జీర ఉంటుంది. వలస వెళ్ళే రంగు కణాలు దారిలో, చర్మం లోతున ఆగిపోవటం వల్ల ఇది వస్తుంది. గ్రహణానికి, మీ అమ్మగారు ఆ రోజు కూర తరిగిందా లేదా అన్నదానికి దీనితో ఏ సంబంధమూ లేదు. పాపం, ఎంతమంది తల్లులు ఈ మచ్చ తమ వల్లనే వచ్చిందని జీవితాంతం కుమిలిపోయి ఉంటారో! ఈ మచ్చ కణాలలో కూడా కొన్నిసార్లు అవే జి.ఎన్.ఎ.క్యు., జి.ఎన్.ఎ.11 చెడి ఉంటాయి. చర్మంలో ఆగిపోయిన కణాల బంధువులే లోపల కంటి పొరల్లోనూ, మెదడు పొరల్లోనూ ఆగి ఉండవచ్చు. ఓటా మచ్చ ఉన్న పక్కనే మెదడులో మెలనోమా వచ్చిన రోగుల వివరాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మీ తమ్ముడికి ఎడమ చెయ్యి కొట్టుకుందంటే కంతి కుడి మెదడులో ఉండి ఉంటుంది. మచ్చ కూడా కుడి పక్కనే. ఇదే అని నేను ఉత్తరం చదివి తేల్చలేను. కాని మెదడులోనే పుట్టిందనటానికి ఇది బలమైన ఆధారం. దానితోపాటే ఆ కన్నును మరింత శ్రద్ధగా చూడవలసిన కారణం కూడా. కంటి మెలనోమా పాకితే ముందు కాలేయానికి పోతుంది, కనుక కాలేయం స్కాను కూడా చూడాలి.

ఇది చదివి ఓటా మచ్చ ఉన్న ఆడపిల్లల తల్లిదండ్రులు కంగారు పడకండి. ఆడవారిలోనే ఈ మచ్చ ఎక్కువ. నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా మెదడు జోలికి రాదు. ఏడాదికి ఒకసారి కళ్ళ డాక్టరు చేత కంటి ఒత్తిడి, లోపలి పొర చూపించుకుంటే చాలు. పుట్టుకతోనే వీపునిండా జుట్టుతో నల్లమచ్చ ఉన్న పసిబిడ్డల సంగతి మాత్రం వేరు. వాళ్ళకు మెదడు పొరల్లో కూడా రంగు కణాలు పేరుకుని ఉండవచ్చు. పుట్టిన మొదటి కొన్ని నెలల్లోనే ఎమ్మారై తీయించాలి. మెదడు ముదిరిన కొద్దీ ఆ మచ్చలు బొమ్మలో సరిగా కనిపించవు.

ఇక వైద్యం. మెదడులో పుట్టిన ఒక్క కంతి అయితే, పూర్తిగా తీసివేయటమే అన్నిటికన్నా మంచి వైద్యం. మీ తమ్ముడికి పూర్తిగా తీశారా, కొంత మిగిలిందా అనేది ఆపరేషను తరువాత తీసిన ఎమ్మారై చెబుతుంది. అది తీయలేదంటే అడగండి. వెన్నుపాము ఎమ్మారై కూడా అవసరం, ఎందుకంటే ఈ కణాలు మెదడు చుట్టూ ఉండే నీటిలో జారి కిందికి దిగుతాయి. తలలో ఒత్తిడి లేదని తేలాక నడుం దగ్గర సూదితో ఆ నీరు తీసి చూస్తారు. నడుం సూది వేస్తే కాళ్ళు పడిపోతాయన్నది ఉత్త భయం.

ఆపరేషను చేసిన చోట తరువాత రేడియేషను ఇస్తారు. మనవాళ్ళు దీనిని కరెంటు పెట్టటం అంటారు. మీ ఊరి థర్మల్ కరెంటు లాంటిది కాదమ్మా, షాకు కొట్టదు, నొప్పి ఉండదు. ఎక్స్-రే లాంటి కిరణాలే, బలం ఎక్కువ. ఇప్పుడు వీలైనంత వరకు మెదడంతా కాకుండా ఆ చోటికే గురిచూసి ఇస్తున్నారు.

మందుల సంగతి జాగ్రత్తగా వినండి, ఎకరం ప్రశ్న ఇక్కడే ఉంది. పూర్వం డకార్బజిన్, టెమోజోలోమైడ్ అనే మందులు ఇచ్చేవారు. గుణం తక్కువ. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధనల నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను వెన్నులోకి ఎక్కించి లుకేమియా పిల్లలను ఎందరినో బతికిస్తున్నారు. మెలనోమా దానికి కూడా పెద్దగా లొంగలేదు. 2011 నుంచి మన ఒంటిలోని రక్షణ కణాలనే కాన్సర్ మీదకు ఉసిగొలిపే మందులు వచ్చాయి. ఇపిలిముమాబ్, నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ అని వాటి పేర్లు. మెదడుకు పాకిన మెలనోమా ఉన్న 94 మందికి మొదటి రెండూ కలిపి ఇచ్చిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. 57 శాతం మందిలో తలలోని గడ్డలు తగ్గటమో, ఆరు నెలల పాటు పెరగకుండా ఉండటమో జరిగింది. అంతకుముందు ఇలాంటి రోగులు ఆరు నెలలు బతికితే గొప్ప. కనుక అది చిన్న విషయం కాదు. అయితే వారిలో ఎక్కువమందిది చర్మం నుంచి వచ్చిన జబ్బు, తలలో గడ్డలున్నా బాధలు లేనివారు. మెదడులో పుట్టి, జి.ఎన్.ఎ.క్యు. చెడిన మెలనోమా కంటి మెలనోమాకు దగ్గర. కంటి మెలనోమా ఈ ఇంజెక్షన్లకు అంతగా లొంగదు. మందు పనిచేయదని కాదు. కాని 57 శాతం అనే అంకె చూపించి మీ చేత పొలం అమ్మించకూడదు. బి-రాఫ్ చెడి ఉంటే దానికి మాత్రలు ఉన్నాయి, మెదడులో కూడా పనిచేస్తాయి. అదే చెడకపోతే ఆ మాత్రలు దండగ.

అందుకని క్రమం ఇది. బయాప్సీ చేసిన లేబొరేటరీకి వెళ్ళి, కాగితం రిపోర్టు ఒక్కటే కాకుండా, మీ తమ్ముడి కంతి ముక్కను దాచిన మైనం దిమ్మలను, అద్దాలను అడిగి తీసుకోండి. రసీదు రాయించుకుని ఇస్తారు. ఎండలో పెట్టకండి, కరుగుతాయి. జన్యు పరీక్ష వాటి మీదనే చేస్తారు. వాటితో వెళ్ళి ఒక పెద్ద కాన్సర్ ఆసుపత్రిలో రెండో అభిప్రాయం అడగండి. హైదరాబాదులో నిమ్స్, ఎమ్.ఎన్.జె. ఉన్నాయి, విశాఖలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి ఉంది. ఆపరేషను, రేడియేషను లాంటి వాటికి ఎన్.టి.ఆర్. వైద్య సేవ కార్డు పనికివస్తుంది. కొత్త ఇంజెక్షన్లు ఒక్కో విడతకే లక్ష దాటవచ్చు. జన్యు పరీక్ష రాకముందు, ఎన్ని విడతలు, ఏ గుణం కనిపిస్తే కొనసాగిస్తారు, ఎప్పుడు ఆపుతారు అని డాక్టరు చెప్పకముందు, ఎకరం బేరం పెట్టకండి.

ఇప్పుడు వాడుతున్న వాటిలో డెక్సామెథసోన్ ఉండి ఉంటుంది. మెదడు వాపు తగ్గించేది. షుగరు పెంచుతుంది, పరీక్ష చేయించండి. ఎక్కువ మోతాదులో ఉంటే పైన చెప్పిన ఇంజెక్షన్ల పనిని తగ్గిస్తుంది. అలా అని మీరే ఆపకండి. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. మూర్ఛ మాత్రలు ఒక్కపూట కూడా మానకూడదు.

ఎన్నాళ్ళు బతుకుతాడని మీరు అడగలేదు. అడగలేక వదిలేశారనుకుంటాను. కంతి ఒక్కటే అయి, పూర్తిగా తీయగలిగి, వేరెక్కడా లేకపోతే ఏళ్ళు బతికినవారున్నారు. పదేళ్ళు దాటినవారి సంగతులు కూడా ప్రచురించారు, కాని వారు కొద్దిమందే. మెదడు పొరలన్నిటికీ పాకి ఉంటే నెలల్లోనే లెక్క. మీ తమ్ముడు ఏ వైపు ఉన్నాడో ఇప్పుడు చేస్తున్న పరీక్షలే చెప్పాలి.

బూడిద వల్ల వచ్చిందా అన్నారు. ఈ జబ్బుకు బూడిదతో సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు. ఊపిరితిత్తులకు బూడిద మంచిది కాదు, అది వేరే తగాదా. పిల్లలకు రాదు. ఈ జన్యువు చెడింది మీ తమ్ముడు పిండంగా ఏర్పడిన తరువాత, కొన్ని కణాలలో మాత్రమే. వంశంలో ఇంకెవరికైనా కంటి కాన్సరో, మూత్రపిండాల కాన్సరో ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పండి.

చివరిగా, అతనికి చెప్పలేదన్నారు. మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. నా అనుభవంలో ఇలా దాచిన ఇళ్ళలో రోగికి సగం సంగతి ఎప్పుడో తెలిసే ఉంటుంది, అందరి ముఖాలూ చూసి. పైగా ఇక్కడ ప్రేమ ఒక్కటే కాదు. అతనికి మూర్ఛ వచ్చింది. మెదడు మీద కుట్లు ఉన్నాయి. మూర్ఛ ఉన్నవారికి మన చట్టం లైసెన్సు ఇవ్వదు. బూడిద లారీ హైవే మీద ఉండగా ఎడమ చెయ్యి మళ్ళీ కొట్టుకుంటే అతనితో పాటు ఎదుటి ఆటోలోని వాళ్ళు కూడా పోతారు. భయం లేదని చెప్పి ఇంట్లో కూర్చోమంటే వినడు, వినవలసిన పని కూడా లేదు. మీరు చెప్పలేకపోతే డాక్టరు గారిని చెప్పమనండి, భార్యను పక్కన కూర్చోబెట్టండి. ఆ రోజు దాకా లారీ తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి.